సోఫా అమ్మగారు

సలోమేను మా ఊళ్లో చాలామంది ఆమె నవ్వుతో గుర్తుపెట్టుకున్నారు. నేను మాత్రం ఆమె వీపుతో గుర్తుపెట్టుకున్నాను. వెవే పట్నం సంతకు వెళ్లే దారికి ఒకవైపు తోట గోడ, ఇంకోవైపు సరస్సు. ఇద్దరు పక్కపక్కన నడిచే వెడల్పు ఆ దారికి ఏనాడూ లేదు. అందుకని పెళ్లయి వచ్చిన నాటినుంచీ ప్రతి మంగళవారం ఆమె ముందు, నేను వెనక. ఆమె వీపు మీద ఒక బుట్ట, నా వీపు మీద ఒక బుట్ట. నా కష్టం సుఖం అంతా ఆ ముందు బుట్టకే చెప్పుకునేదాన్ని.

ఆమె మా పెద్దమ్మ కూతురు. ఇద్దరం పైన పచ్చిక కొండల్లో, చీజు చేసేవాళ్ల ఇళ్లలో పుట్టాం. ఇద్దర్నీ కిందికి, ఈ ద్రాక్షతోటల ఊరికే ఇచ్చారు, ఒకే గోడకు అటొకరినీ ఇటొకరినీ. నాకు దొరికినవాడు పీపాలు చేసేవాడు, మాట తక్కువ. ఆమెకు దొరికినవాడు అబ్రామ్ షెవలే. మాట ఎక్కువ, రాత అంతకంటే ఎక్కువ.

అబ్రామ్ బావ మా ఊరి సభకు రాతపని చేసేవాడు. అక్షరాలు ముత్యాలు, అది నేనూ ఒప్పుకుంటాను. మమ్మల్ని ఏలే బెర్న్ దొరల కచేరీకి ఏ అర్జీ వెళ్లాలన్నా బావ చేతిమీదుగానే వెళ్లేది. ఒకరి మేక ఇంకొకరి తోటలో పడిందని రాయమంటే ఆదాము అవ్వల దగ్గర ఎత్తుకుని, సాయంత్రానికి మేక దగ్గరికి వచ్చేవాడు. సభకు వెళ్లేముందు విగ్గుకు పిండి చల్లుకునేవాడు. పిండికొద్దీ రొట్టె అంటారు. ఆ ఇంట్లో పిండి సగం విగ్గే తినేది.

తోట పని మాత్రం సలోమేది. మా తోటలు కొండ వాలు మీద గోడలు కట్టి నిలబెట్టినవి. వాన వస్తే మట్టి కింది గోడదాకా జారిపోతుంది. చలి తగ్గుముఖం పట్టగానే దాన్ని వీపుబుట్టల్లోకి ఎత్తి మళ్లీ పై గోడదాకా మోసుకెళ్లి పొయ్యాలి. మళ్లీ వాన, మళ్లీ మట్టి. దేవుడు కిందికి దించుతాడు, మేము పైకి ఎక్కిస్తాం. బావ ఎందుకు మొయ్యడంటే, మోస్తే చెయ్యి వణుకుతుంది, చెయ్యి వణికితే అక్షరం వంకరపోతుంది, అక్షరం వంకరపోతే ఊరి పరువు పోతుంది. అడిగినవాళ్లకి ఈ వరస అంతా ఓపిగ్గా చెప్పేవాడు.

సలోమే అడగలేదు. గట్టి మనిషి. కొత్తగా కాపురానికి వచ్చిన ఏడాది, మగవాళ్లతో పందెం కాసి, నిండు బుట్టతో పాట పాడుతూ పైదాకా ఎక్కింది. తర్వాత పిల్లలు పుట్టారు, నిలవలేదు. అప్పటినుంచి పాట ఆగింది. బుట్ట ఆగలేదు.

ఆ ఏడు ద్రాక్షకోత అయ్యాక, నా ముందు నడిచే వీపు మధ్యమధ్యలో ఆగడం మొదలైంది.

"ఏంటక్కా, ఆగిపోయావు?"

"పడవ చూస్తున్నానే."

నేనూ సరస్సు వైపు చూశాను. "ఏ పడవక్కా? నీళ్లు తప్ప ఏమీ కనపళ్లేదు."

"వస్తుందిలే, కంగారెందుకు."

అలా రాని పడవల కోసం మేము చాలాసార్లు ఆగాం. ఆగినప్పుడల్లా ఆమె గోడమీద చెయ్యి ఆనించి, నోరు తెరిచి గాలి తాగేది. సాయంత్రానికి కాళ్లు ఉబ్బేవి. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునేది. గోడకు ఇటువైపు నాకు ఆ ఆయాసం వినపడేది. నాకు భయం వేసింది. మా అమ్మ పోయేముందు సరిగ్గా ఇలాగే లేచి కూర్చునేది.

వెవేలో డాక్టర్ బ్లాంషే గారని ఒక పెద్ద వైద్యుడు ఉండేవారు. పుస్తకాలు రాసిన మనిషి. రష్యా నుంచీ పోలండు నుంచీ ఆయనకు ఉత్తరాలు వచ్చేవి. జబ్బుపడ్డ దొరలు తమ జబ్బు రాసి పంపిస్తే ఆయన చదివి, మందు రాసి పంపేవారు. మనిషిని చూసే పనే లేదు. ఆయన ఇంటికి రెండు గుమ్మాలు. వీధి గుమ్మంలో ఉత్తరాలు అందుకోడానికి ఒక ముసలి కావలివాడు. పెరటి గుమ్మంలో ఒక చెక్కబల్ల. సంత రోజు పొద్దున ఆ బల్లమీద కూర్చున్న పాలవాళ్లనీ బండివాళ్లనీ డాక్టరుగారు తనే వచ్చి చూసి, ఊరికే మందు చెప్పి పంపేవారు. సంతకు వెళ్తూ మేము ఆ రెండు గుమ్మాలూ దాటుకునే వెళ్లేవాళ్లం.

అందుకని ఓ సాయంత్రం నేనే బావ దగ్గర ఆ మాట ఎత్తాను. "బావగారూ, వచ్చే మంగళవారం అక్కని ఆ డాక్టరుగారి పెరట్లో బల్లమీద కూర్చోబెట్టి తీసుకొస్తాను."

బావ కలం కింద పెట్టాడు. కలం కింద పెట్టాడంటే కోపం వచ్చిందన్నమాట.

"ఏ బల్ల? గాడిదలు తోలేవాళ్లు కూర్చునే బల్లా? ఊరి సభ రాతగాడి భార్య ఆ బల్లమీదా? జుడిత్, నీకు తెలియదమ్మా. బ్లాంషే గారి దగ్గరికి వెళ్లరు. ఆయనకి రాస్తారు. నేను ఇదివరకు రాతపని చేసిపెట్టిన దొరసాని ఆయన వీధి చివరే ఉండేది. ఆవిడ కూడా రాసింది."

"వీధి చివర ఉండి ఉత్తరం రాసిందా!"

"మర్యాద అంటే అదే."

పెరటిచెట్టు మందుకు పనికిరాదని మా పెద్దలు ఎప్పుడో అన్నారు. ఆ దొరసానికి వచ్చిన జవాబును బావే నకలు రాశాడట. దాన్ని ఆవిడ సాయంకాలాలు నలుగురినీ కూర్చోబెట్టి చదివి వినిపించేదట, విన్నవాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లట. అప్పటినుంచీ తన ఇంటి గూట్లో కూడా అలాంటి ఉత్తరం ఒకటి ఉండాలని బావకు ఉండిపోయింది. కావలసినదల్లా ఒక జబ్బు. అది ఇంట్లోనే దొరికింది.

ఆ వారమంతా రాశాడు. పొయ్యి దగ్గర మమ్మల్ని కూర్చోబెట్టి, రాసినంతవరకు చదివేవాడు. సలోమే వాళ్ల తాత కీళ్లవాతంతో మొదలైంది. తర్వాత ఆమె నరాలు ఎంత సున్నితమైనవో ఒక పేజీ. తర్వాత, 'నా ప్రియమైన సహచరి సోఫా మీద వాలి, కిటికీలోంచి సరస్సును చూస్తూ గాఢంగా నిట్టూర్చును' అని వచ్చింది.

"సోఫా ఎక్కడిది బావగారూ?" అన్నాను. ఆ ఇంట్లో మెత్తటి చోటు పాతగుడ్డలు పరిచిన బుట్ట ఒక్కటే. అందులో పిల్లి పడుకునేది.

"అది అలాగే రాయాలి. ఆయన చదివేది ఎవరెవరి ఉత్తరాలో తెలుసా నీకు? వాటి మధ్య మనది తీసికట్టుగా ఉండకూడదు."

సలోమే చెస్ట్‌నట్ కాయలు ఒలుస్తోంది. తలెత్తకుండానే అడిగింది. "మట్టి సంగతి రాశారాండీ?"

"ఒంట్లో సంగతి రాస్తుంటే తోట సంగతి ఎందుకే?"

"ఊపిరాడనిది అక్కడేనండీ మరి."

"పైకెక్కునప్పుడు ఆయాసము అని రాశాలే. మేడమెట్లు అనుకుంటారు. బాగుంటుంది."

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. ఉత్తరం పూర్తయింది, ఎర్ర లక్క ముద్ర పడింది. పంపడం ఎలా? టపాకి ఇస్తే ఖర్చు. "మంగళవారం నువ్వు ఎలాగూ వెళ్తావుగా సలోమే, ఇచ్చేసి రా" అన్నాడు బావ. కాలు కిందపెట్టలేని భార్య గురించిన ఉత్తరాన్ని ఆ భార్య చేతికే ఇచ్చి, వాల్‌నట్ల బుట్ట కూడా వీపుకెత్తి, వెవేకి నడిపించాడు. నేను వెనక నడిచాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వీధి గుమ్మంలో కావలివాడు ఉత్తరం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవరి దగ్గర్నుంచి తల్లీ?"

"రాతగాడు షెవలే గారి దగ్గర్నుంచండి."

"జబ్బెవరికి?"

"ఆయనగారి భార్యకండి."

"అయ్యో పాపం. మంచాన పడ్డారా?"

సలోమే నా వైపు ఓ చూపు చూసింది. "సోఫానండి" అంది.

వీధి మలుపుదాకా ఎలాగో ఆపుకుని, అక్కడ ఇద్దరం పడీపడీ నవ్వాం. నవ్వుతూ నవ్వుతూనే ఆమెకు ఊపిరి అందలేదు. పెదవులు నల్లబడ్డాయి. వీధి కుళాయి తొట్టిని రెండు చేతులతో పట్టుకుని వంగిపోయింది. నాకు నవ్వు ఎగిరిపోయింది.

"అక్కా, ఈ గోడ తిరిగితే పెరటి గుమ్మమే. బల్ల ఖాళీగా ఉంది. నా మాట విను."

ఊపిరి తిరిగాక ఆమె నెమ్మదిగా అంది. "వెళ్లి ఏమని చెప్పను? ఆ సోఫా ఆవిడ నేనేనండీ అననా? అంత పెద్దమనిషి ముందు మా ఆయన మొహం ఏమవ్వాలి? ఆయనకి ఉన్నది ఆ రాత ఒక్కటేనే, జూడీ."

"నీకున్నది ఈ ప్రాణం ఒక్కటే."

"నాకు నువ్వూ ఉన్నావుగా వాగడానికి" అని బుట్ట సర్దుకుంది. ఆమె మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. మొగుడి అబద్ధాన్ని కూడా బుట్టలో వేసుకుని మోసే ఆడదాన్ని ఏమనాలి?

దొరల ఉత్తరాలన్నీ అయ్యాక మా వంతు వచ్చేసరికి కొత్త సంవత్సరం దాటింది. జవాబు కూడా సలోమేయే తెచ్చింది, చలికి రవిక లోపల దాచుకుని. ఆ సాయంత్రం బావ విగ్గు పెట్టుకుని, కొవ్వొత్తులు రెండు వెలిగించి, మా ఇద్దర్నే కాకుండా పక్కతోట సిమెయోన్‌ని కూడా పిలిచాడు. సిమెయోన్ నోట్లో ఏ మాటా నిలవదు కాబట్టే పిలిచాడు.

"అయ్యా, మీ ఉత్తరమువంటి వివరమైన ఉత్తరము నాకు అరుదుగా వచ్చును" అని మొదలైంది జవాబు. బావ ఆ వాక్యం దగ్గర ఆగి, గొంతు సవరించుకుని, మళ్లీ చదివాడు. "మీ భార్యగారిది విశ్రాంతివలన వచ్చిన వ్యాధి. సోఫాలు, వెచ్చని గదులు, పడకలో కాఫీ, నవలలు. ఈ కాలపు స్త్రీలను ఇవే చంపుచున్నవి. ఆమె లేవవలెను. నడవవలెను. ఎత్తులు ఎక్కవలెను. వీలైన తోటపనిలో చేతులు కూడ కదపవలెను. కొంచెముతో మొదలుపెట్టి దినదినము పెంచవలెను."

సలోమే తన చేతులు చూసుకుంది. గోళ్లలో మట్టి అప్పటికి ఇంకా పోలేదు.

"పడకలో కాఫీయా?" అన్నాడు సిమెయోన్. "మీ ఇంట్లో పడకలో కాఫీ ఇస్తారా రాతగాడుగారూ? మా ఆవిడకి చెప్పకండి బాబూ."

"అందులో ముఖ్యమైన మాట వ్యాయామం" అన్నాడు బావ. "విన్నావా సలోమే? ఎత్తులు ఎక్కాలి. చేతులు కదపాలి."

"అదేగదండీ నేను చేస్తున్నది."

"ఇప్పటిదాకా పనిలా చేశావు. ఇకమీదట మందులా చెయ్యి."

అప్పటినుంచి మట్టిబుట్టకు వేళాపాళా వచ్చింది. సూప్ తాగకముందు ఒకటి, తాగాక ఒకటి. కిటికీ దగ్గర బావ కూర్చుని చూస్తూ, ఆమె గోడదగ్గర నిలబడి గాలి పీల్చుకుంటుంటే, "అదీ, అదీ, ఊపిరి బాగా తియ్యి" అని ఉత్సాహపరిచేవాడు. చెడ్డవాడు కాదు. రాత్రుళ్లు ఇటుక కాల్చి గుడ్డలో చుట్టి ఆమె కాళ్ల దగ్గర పెట్టేవాడు. కాళ్లు చల్లబడుతున్నాయని గమనించాడు, వాచిపోతున్నాయని కూడా గమనించాడు. కానీ తన కళ్లతో చూసినదానికంటే ఉత్తరంలో ఉన్నదే అతనికి నిజం. చదువు మనిషిని ఇంత మొద్దును చేస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆమెకు తగ్గకపోగా మనిషి ఇంకా చిక్కిపోయింది, మొహం మాత్రం ఉబ్బింది. బావకు కూడా గాభరా పుట్టింది. గాభరా పుట్టినప్పుడు అతనికి తెలిసిన పని ఒక్కటే. రాశాడు. 'నా సహచరి మీ ఆజ్ఞను శ్రద్ధగా పాటించుచున్నను గుణము కనిపించుటలేదు' అని. ఈసారి జవాబు పొట్టిగా వచ్చింది. "గొప్పింటి స్త్రీలు చేసినదానికంటె చెప్పునది ఎక్కువ. ఆమె కొండ అనునది మేడమెట్లు అయియుండును. రెట్టింపు చేయించుడు." అదీ మా అక్కే మోసుకొచ్చింది.

ఈ ఉత్తరం ఎంత తేలిగ్గా ఉందోనని దారిలో నవ్విన మనిషే, ఇంటికొచ్చి విన్నాక "రెట్టింపట" అంది. 

రెట్టింపు చేసినా గుణం లేదని బావ రాసిన మూడో ఉత్తరం తీసుకెళ్లిన మంగళవారం గాలి తీవ్రంగా వీస్తోంది. డాక్టరుగారి వీధి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆమె ఇక నిలబడలేకపోయింది. బుట్టతో సహా మెట్టుమీద కూలబడింది. కావలివాడు "ఇక్కడ కాదమ్మా, పెరటివైపు, పెరటివైపు" అంటున్నాడు. అంతలో తలుపు తెరుచుకుని డాక్టర్ బ్లాంషే గారే బయటికొచ్చారు, ఎక్కడికో వెళ్లడానికి గుర్రబ్బండి సిద్ధంగా ఉంది. పొట్టి మనిషి, ముక్కుపొడుం మరకల కోటు.

ఆయన బండివైపు వెళ్లలేదు. ఆమె ముందు గొంతుక్కూర్చున్నారు. మేజోడు కిందికి జరిపి, చీలమండ మీద బొటనవేలు పెట్టి నొక్కారు. వేలు తీశాక గుంట అలాగే ఉండిపోయింది. ఆయన ఆ గుంటను చూస్తూనే ఉన్నారు.

"ఏం మోస్తావమ్మా నువ్వు?"

"ఇవాళ టర్నిప్‌లండి. మామూలుగా అయితే మట్టండి."

"తోట మట్టా? పైకా?"

"పైకేనండి. కిందికి అదే పోతుంది."

ఆయన నవ్వలేదు. నాడి పట్టుకున్నారు, చెవి వీపుకు ఆనించి విన్నారు. లేచి, ఆ బుట్ట ఊడదీసి నా చేతికిచ్చారు. "ఇది ఇంక నీ వీపుమీదికి రాకూడదు. ఇదే కాదు, ఏ బుట్టా. తలకింద ఎత్తు పెట్టుకుని పడుకో, కాళ్లు పైకి పెట్టుకుని కూర్చో, ఎక్కడం మానెయ్. పార్స్‌లీ వేరు మరగబెట్టి తాగు. నీ గుండె అరిగిపోయిందమ్మా. ఇలాగే మోశావంటే వచ్చే ద్రాక్షకోత నువ్వు చూడవు." తర్వాత ఆమె చేతిలోని ఉత్తరం చూశారు. "ఇది ఎవరిది?"

"షెవలే గారిదండి. వాళ్ల భార్యకి..."

"ఆఁ, ఆ సోఫా అమ్మగారా!" అని ఉత్తరం జేబులో పడేసుకున్నారు. "ఇంకా లేవలేదా ఆవిడ?"

నేను నోరు తెరిచాను. సలోమే నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. "లేదండి" అంది.

బండి వెళ్లిపోయింది. ఆ రోజు నేను రెండు బుట్టలు మోసుకుని ఇంటికొచ్చాను. దారిపొడుగునా ఆమెను తిట్టాను, తిడుతూ ఏడ్చాను. ఆమె మాత్రం తేలిగ్గా ఉంది. "ఇంకేంటే, పెద్దాయన చెప్పాడుగా. ఈయనకి చెప్తే సరిపోతుంది. ఆయన మాట ఈయన కాదంటాడా?" అంది.

బావ అంతా విన్నాడు. చేతులు కట్టుకుని, తల ఊపుతూ విన్నాడు. విన్నాక అడిగింది ఒక్కటే.

"రాసిచ్చారా?"

"నోటితో చెప్పారండీ. జూడీ కూడా విన్నది."

"అదే మరి. గుమ్మంలో ఆగి దారినపోయేవాళ్లకి చెప్పింది వైద్యం ఎలా అవుతుంది? అది పలకరింపు. ఆలోచించి చెప్పింది ఇదిగో" అని గూట్లోంచి ఆ రెండు జవాబులూ తీసి చూపించాడు. "ఇందులో లేవమన్నారు. అందులో కూర్చోమన్నారు. ఆయన సంతకం దేనిమీద ఉంది?"

"బావగారూ, ఆ గుంట నేను చూశాను, కాలిమీద..."

"సరే, తొందరెందుకు? అడుగుదాం. రాసి అడుగుదాం. జవాబు వచ్చేదాకా సంతకం ఉన్నదాని ప్రకారమే నడుద్దాం."

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, అతనికి నొప్పి పెళ్లానికి జబ్బు చేసినందుకు కాదు, ఆ జబ్బు పల్లెటూరి ఆడదానిదై పోయినందుకు. ఏం రాశాడో చదివి వినిపించాడు కూడా. 'మా ఉత్తరము తెచ్చు ఒక గ్రామీణ స్త్రీకి తమరు విశ్రాంతి విధించినట్లు తెలిసినది. నా భార్యయు తనకు అట్టి విశ్రాంతి కావలెనని కోరుచున్నది. ఇయ్యవచ్చునా?' ఆ గ్రామీణ స్త్రీ పొయ్యి పక్కన కూర్చుని ఆ వాక్యం అంతా విని, "బాగుందండీ" అంది.

ఆ ఉత్తరం నేను తీసుకెళ్తానన్నాను. ఒప్పుకోలేదు. "నా గురించి రాసింది నేనే మోస్తాను. ఎంత బరువుంటుందేంటి" అంది. బుట్ట లేకుండా, అడుగుకోసారి పడవ చూసుకుంటూ, నా ముందే నడిచింది. మిగతా రోజుల్లో మట్టి మోసింది. నేను దొంగతనంగా ఆమె కుప్పలోంచి మోసిపెట్టిన బుట్టల సంగతి బావకు ఇప్పటికీ తెలియదు.

ఆ రెండు ఉత్తరాలకూ కలిపి జవాబు వచ్చేసరికి తీగలకు మొగ్గలు కదులుతున్నాయి. ఆ మంగళవారం కావలివాడు ఆమె మొహం చూసి, ఉత్తరంతో పాటు ఒక గ్లాసు వైన్ కూడా ఇచ్చి కూర్చోబెట్టాడు. సాయంత్రం మామూలే. విగ్గు, రెండు కొవ్వొత్తులు, నేను, సిమెయోన్. సలోమే బెంచీమీద గోడకానుకుని కూర్చుంది. బావ నిలబడి ముద్ర విప్పాడు. కంచుగొంతుతో మొదలుపెట్టాడు.

"అయ్యా, ఒకరికి మందైనది మరియొకరికి విషము. ఆ గ్రామీణ స్త్రీ నాకు బాగుగా జ్ఞాపకమున్నది. బరువులు లాగు పశువు గుండెవలె ఆమె గుండె అరిగిపోయినది. బుట్ట దింపనియెడల ఆమె రాబోవు ద్రాక్షకోతను చూడదు. ఆమెకు భర్త ఉన్నచో, భార్యచేత అట్లు మోయించినందుకు అతడు సిగ్గుపడవలెను. మీ ఊరివాడే గనుక నా మాటగా అతనికి..."

ఇంతదాకా అదే గొంతుతో చదివాడు. చదువుతున్నప్పుడు మాటలు బయటికి వెళ్లేవే కానీ అతని లోపలికి వెళ్లేవి కావు. 'అతనికి' దగ్గర ఏదో తగిలింది. ఆగిపోయాడు. కాగితం మీదనుంచి చూపు తీసి సలోమే కాళ్ల వైపు చూశాడు. చెక్కచెప్పుల్లో పట్టక, ఆమె కాళ్లు నేలమీద వట్టిగా ఉన్నాయి.

"అతనికి ఏం చెప్పమన్నారు?" అన్నాడు సిమెయోన్. అతనికి ఏమీ అర్థం కాలేదు. "ఎవరండీ ఆ మొగుడు? మన ఊళ్లో అంత దుర్మార్గుడెవడు?"

బావ కొవ్వొత్తిని కాగితానికి దగ్గరగా జరుపుకున్నాడు.

"ఆగిపోయారేంటండీ?" అంది సలోమే. ఎత్తిపొడుపు లేదు, మామూలుగానే అడిగింది. "మీ ఇంటావిడకి ఏం రాశారో అది కూడా చదవండి."

చదివాడు. ఆ గొంతు నేను ముందెప్పుడూ వినలేదు. "మీ భార్యగారికి మాత్రము... విశ్రాంతి ఎంతమాత్రము ఇయ్యరాదు. ఆమెను... ఎక్కింపుడు."

పొయ్యిలో కట్టె కూలింది. సలోమే అడిగింది.

"మరి రేపు మట్టి మొయ్యాల్సింది ఎవరండీ? ఆ ఆడమనిషా, ఈ అమ్మగారా?"

బావ కాగితం మడిచాడు. గూట్లో పెట్టబోయి, పెట్టకుండా చేతిలోనే ఉంచుకున్నాడు. విగ్గు తీసేశాడు. విగ్గు లేకుండా అతని తల చిన్నగా, ముసలిగా ఉంది. సిమెయోన్ నా వైపు చూసి, మెల్లిగా టోపీ వెతుక్కున్నాడు.

సలోమే ఆ ద్రాక్షకోత చూసింది. ఆ తర్వాతివి కూడా ఇంకొన్ని చూసింది, అన్నీ తోట గోడమీద కూర్చునే. కాళ్లకింద పిల్లి బుట్ట బోర్లించి పెట్టేవాళ్లం. మనిషి మునుపటి మనిషి కాలేదు, కానీ నవ్వు వచ్చింది. ఆ మరుసటేడు డాక్టరుగారు మర్యాదకు, అమ్మగారికి ఎలా ఉందని ఒక ముక్క రాశారు. తమ వ్యాయామ చికిత్స వలన ఆశ్చర్యకరమైన గుణము కనిపించినదని బావ జవాబు రాశాడు. ఎవరి వ్యాయామమో రాయలేదు.

ఉత్తరం చదివిన మర్నాటి పొద్దున మాత్రం నేను కళ్లారా చూశాను. తోటలోకి వెళ్లేసరికి సలోమే దుప్పటి కప్పుకుని గోడమీద కూర్చుని ఉంది. కింద, సభకు వేసుకునే నల్లకోటుతోనే, వీపున మట్టిబుట్టతో బావ ఎక్కుతున్నాడు. మోకాళ్లు వణుకుతున్నాయి, చేతులు చెప్పనక్కర్లేదు. పక్కతోటల్లో అందరూ పారలు ఆపేసి నిలబడ్డారు. నేనైతే మనసారా నవ్వుదామని నోరు తెరిచాను. నవ్వు రాలేదు.

"ఏంటండీ ఇది, రాతగాడుగారూ!" అని అరిచాడు సిమెయోన్. "మీరేంటి, మట్టేంటి? అక్షరం వంకరపోదూ?"

బావ బుట్ట గోడకానించి, మొహం తుడుచుకుని, అందరికీ వినపడేలా చెప్పాడు. "డాక్టర్ బ్లాంషే గారు ఆజ్ఞాపించారు. కూర్చుని రాసే వాళ్లకి ఎత్తులు ఎక్కడం చాలా అవసరమట. నా పేరుమీద రాశారు."

"నిన్న చదివినదాంట్లో అది లేదే?"

"అది వేరే ఉత్తరం."

"వేరే ఉత్తరమా? ఎప్పుడొచ్చింది?"

బావ గోడమీదికి చూశాడు. నేనూ చూశాను. సలోమే దుప్పటి భుజాలమీదికి లాక్కుంది.

"వచ్చింది, సిమెయోన్" అంది. "నేనే తెచ్చాను."